నావకు పేరు, పేరుకు నియమం

తెలుగువారికి సముద్రంతో ఉన్న పరిచయం ఈనాటిది కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. ఆ ఓడకు పేరుండేదో లేదో నాణెం చెప్పదు. నేటి యుద్ధనౌక సంగతి అలా కాదు. దానికి పేరుంటుంది, పేరుకు ముందు పొడి అక్షరాలుంటాయి, పక్కభాగంపై సంఖ్య ఉంటుంది, అది చెందిన శ్రేణికి మరొక పేరుంటుంది. వీటిని ఏ క్రమంలో, ఏ రూపంలో రాయాలన్న విషయమై ఆంగ్లంలోని ఆకర గ్రంథాలు చాలాకాలం కిందటే కొన్ని మర్యాదలను ఏర్పరచుకొన్నాయి. తెలుగులోని విజ్ఞాన గ్రంథాలలో, సాధారణ జ్ఞాన పుస్తకాలలో, పత్రికలలో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కొక్క దారి. విశాఖపట్నం వంటి నౌకా కేంద్రం తెలుగు గడ్డపై ఉండగా ఈ అరాచకం కొనసాగడం సమంజసం కాదు.

ఇది కేవలం అక్షరదోషాలను సరిదిద్దే పని అనుకొంటే పొరపాటు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్నం తీరానికి చేరువలో పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' మునిగిపోయింది. భారత నౌకాదళ కథనం దానిని ముంచిన ఖ్యాతిని 'రాజ్‌పుత్' అనే నౌకకు ఇస్తుంది. అది ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్ల మునిగిందని పాకిస్తాన్ వాదన. ఆ వివాదం అలా ఉంచితే, ఇక్కడ తేలవలసిన చిన్న ప్రశ్న మరొకటి ఉంది. ఏ రాజ్‌పుత్? బ్రిటిష్ నౌకాదళంలో 'రోథర్‌హామ్' పేరుతో పనిచేసి 1949లో భారతదేశానికి వచ్చిన రాజ్‌పుత్ ఒకటి. సోవియట్ యూనియన్‌లో తయారై 1980 మే 4న మన నౌకాదళంలో ప్రవేశించి, 2021 మే 21న విశాఖపట్నంలోనే సేవల నుండి తప్పుకొన్న రాజ్‌పుత్ మరొకటి. రెండూ విధ్వంసక నౌకలే. రెండింటికీ ఈ నగరంతో అనుబంధం ఉంది. పేరు ఒక్కటే రాసి ఊరుకొంటే, 1971 నాటి ఘటన దానికి తొమ్మిదేళ్ల తరువాత సేవలోకి వచ్చిన నౌక ఖాతాలో చేరుతుంది. అసలు నౌక, అందులో ఆ రాత్రి కాపలా కాసిన నావికులు చరిత్ర పుటలోంచి జారిపోతారు.

కనుక మొదటి నియమం సంవత్సరానికి సంబంధించినది. నౌకాదళాలు పాత పేర్లను కొత్త నౌకలకు పెట్టడం గౌరవంగా భావిస్తాయి. తాత పేరు మనుమడికి పెట్టే తెలుగు ఇళ్లలో ఇది వింత కాదు. తాతను, మనుమడిని వేరుచేసి చెప్పడానికి ఇంట్లో వాళ్లకు ఏదో ఒక ఉపాయం ఉంటుంది. గ్రంథకర్తకు ఉన్న ఉపాయం పేరు పక్కన కుండలీకరణాలలో సంవత్సరం రాయడమే. ఆంగ్ల గ్రంథాలలో నౌక జలప్రవేశం చేసిన సంవత్సరాన్ని గుర్తుగా వాడే ఆచారం విరివిగా ఉంది. ఆ ఆచారాన్ని యథాతథంగా తెచ్చుకొంటే మన నౌకలకు పొసగదు. 'విక్రాంత్' సంగతే చూడవచ్చు. మన తొలి విమానవాహక నౌక 1945లో బ్రిటన్‌లో జలప్రవేశం చేసినప్పుడు దాని పేరు 'హెర్క్యులిస్'. అది విక్రాంత్‌గా బెల్‌ఫాస్ట్‌లో భారత నౌకాదళ సేవలో ప్రవేశించినది 1961 మార్చి 4న. 'విక్రాంత్ (1945)' అని రాస్తే, స్వాతంత్ర్యానికి రెండేళ్ల ముందే భారతదేశానికి విక్రాంత్ ఉండేదని విద్యార్థి అనుకొంటాడు. అందువల్ల తెలుగు గ్రంథాలు సేవాప్రవేశ సంవత్సరాన్నే గుర్తుగా స్వీకరించడం మేలు. విక్రాంత్ (1961) 1997 జనవరి 31న విశ్రమించింది. కొచ్చిలో నిర్మితమైన విక్రాంత్ (2022) ఆ సంవత్సరం సెప్టెంబరు 2న సేవలో ప్రవేశించింది. సంవత్సరానికి బదులు నౌకపై ఉండే సంఖ్యను రాస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. పాత విక్రాంత్ సంఖ్య ఆర్ 11, కొత్త విక్రాంత్ సంఖ్యా ఆర్ 11.

రెండవది పేరుకు ముందు వచ్చే పొడి అక్షరాల సమస్య. ఐ.ఎన్.ఎస్. అంటే భారత నౌకాదళానికి చెందిన ఓడ అని అర్థం. ఈ అక్షరాలు తెలుగువారి ఇంటిపేరు వంటివి. పేరుకు ముందు నిలిచి ఏ వంశానిదో చెబుతాయి. వంశం మారితే ఇవీ మారతాయి. 1950 జనవరి 26న భారతదేశం గణతంత్ర రాజ్యమయ్యే వరకు మన నౌకలు హెచ్.ఎం.ఐ.ఎస్. అన్న అక్షరాలను ధరించేవి. 'రాజుగారి భారత ఓడ' అని వాటి భావం. ఒక సంఘటనను చెప్పేటప్పుడు ఆ నాటికి నౌకకు ఏ పేరు, ఏ అక్షరాలు ఉండేవో వాటినే రాయాలి. 1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలో బ్రిటిష్ దళానికి ధ్వజనౌకగా నిలిచినది 'హెర్మిస్'. అదే నౌక 1987 మే 12న మన 'విరాట్' అయింది. 'ఫాక్‌లాండ్ యుద్ధంలో పాల్గొన్న ఐ.ఎన్.ఎస్. విరాట్' అని రాస్తే ఆ యుద్ధంలో భారతదేశం పాల్గొన్నట్లవుతుంది. 'తరువాతి కాలంలో విరాట్‌గా మారిన హెర్మిస్' అంటే ఏ చిక్కూ లేదు. వాక్యం కాస్త పొడవవుతుంది; అంతే.

ఈ ఇంటిపేరు మార్పు తెలుగు నదుల పేర్లు మోసిన నౌకలకు మరీ చిత్రంగా జరిగింది. 1943లో బ్రిటన్‌లో జలప్రవేశం చేసిన 'గోదావరి' హెచ్.ఎం.ఐ.ఎస్. గోదావరిగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పనిచేసింది. దేశ విభజనలో నౌకలను పంచుకొన్నప్పుడు అది పాకిస్తాన్ వాటాకు వెళ్లి 'సింధ్' అయింది. ఒక నది పేరు పోయి మరొక నదీ ప్రాంతపు పేరు వచ్చింది. దానికి తోబుట్టువు వంటి 'కిస్ట్నా' మన దగ్గరే ఉండిపోయి, ఆంగ్లేయులు వంకరగా పలికిన ఆ రూపాన్ని వదిలించుకొని 'కృష్ణ' అయింది. ఇక్కడ తెలుగు గ్రంథకర్తకు ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. కిస్ట్నా అన్నా కృష్ణే కదా అని రెండు చోట్లా కృష్ణ అనే రాస్తే చదవడానికి ఇంపుగా ఉంటుంది గానీ, పేరు మారిందన్న చారిత్రక సత్యం మరుగునపడుతుంది. వలస పాలన నాటి రూపాన్ని ఆ కాలపు ప్రస్తావనలో అలాగే ఉంచడం అవమానం కాదు, ఆధారం. 1983 డిసెంబరు 10న సేవలో చేరి 2015 డిసెంబరు 23న వీడ్కోలు పొందిన ఐ.ఎన్.ఎస్. గోదావరి పూర్తిగా వేరు. కరాచీకి తరలిన గోదావరి కథను దీనికి అతికించరాదు.

ఐ.ఎన్.ఎస్. అని రాసి చివర మళ్లీ 'నౌక' అని చేర్చడం తెలుగులో బలంగా పాతుకుపోయిన అలవాటు. 'ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ నౌక' అంటే ఓడ అన్న మాట రెండుసార్లు చెప్పినట్లే. ఆంగ్ల శైలీ గ్రంథాలు దీనిని పునరుక్తిగా నిషేధిస్తాయి. తెలుగులో కూడా నిషేధించాలనడం న్యాయమే గానీ, ఈ అలవాటు పుట్టడానికి ఒక కారణం ఉంది. ఐ.ఎన్.ఎస్. అన్నవన్నీ నీటిపై తేలవు. విశాఖపట్నంలో ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ నౌకా స్థావరం. ఉత్తర సర్కారుల పేరు దానికి వచ్చింది. ఐ.ఎన్.ఎస్. శాతవాహన జలాంతర్గాముల సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రం. ఐ.ఎన్.ఎస్. డేగ విమాన స్థావరం. భూమిపై ఉన్న స్థావరాన్ని కూడా ఓడగా లెక్కించి సేవలో ప్రవేశపెట్టే సంప్రదాయం బ్రిటిష్ నౌకాదళం నుండి సంక్రమించినది. 1804లో కరేబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవి పక్కన ఉన్న ఒక నిట్టనిలువు బండను ఆంగ్లేయులు ఆక్రమించి, దానికి ఓడ హోదా ఇచ్చి 'హెచ్.ఎం.ఎస్. డైమండ్ రాక్' అని పిలిచారు. మరుసటి ఏడు ఫ్రెంచివారు దానిని తిరిగి చేజిక్కించుకొన్నారు. బండే ఓడ అయినప్పుడు, 'ఇది నిజంగా ఓడేనా' అన్న సందేహం పాఠకునికి కలగడం సహజం. ఆ సందేహాన్ని తీర్చవలసింది పొడి అక్షరాల తోక కాదు, స్పష్టమైన విశేషణం. 'విమానవాహక నౌక విక్రాంత్', 'శిక్షణ కేంద్రం ఐ.ఎన్.ఎస్. శాతవాహన' అని రాస్తే పునరుక్తీ ఉండదు, సందేహమూ ఉండదు.

ఆంగ్ల గ్రంథాలు ఓడ పేరును వాలు అక్షరాలలో ముద్రిస్తాయి. ముందున్న పొడి అక్షరాలను మాత్రం నిలువుగానే ఉంచుతాయి. పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం కూడా వారికి సాయపడుతుంది. తెలుగు లిపికి ఆ భేదం లేదు. వాలు అక్షరాలు యంత్రాలు తెచ్చిపెట్టినవే తప్ప మన రాతలో పుట్టినవి కావు. గుండ్రని అక్షరాన్ని పక్కకు వంచితే తలకట్టు ఒకవైపు, ఒత్తు మరొకవైపు జారి కంటికి ఇబ్బంది కలుగుతుంది. ఏ గుర్తూ పెట్టకుండా 'గోదావరి 1983లో సముద్రంలో ప్రవేశించింది' అని రాస్తే, అంతకుముందు ఆ నది ఎక్కడికి పోయేదని చదువరి నవ్వుకొంటాడు. తెలుగుకు తగిన పద్ధతి ఒంటి ఉద్ధరణ చిహ్నాలే. పేరు మొదట వచ్చినప్పుడు వాటిని వాడి, విభక్తి ప్రత్యయాన్ని చిహ్నం వెలుపల చేర్చాలి. పొడి అక్షరాలు ముందున్నప్పుడు చిహ్నం అవసరం లేదు.

పేర్లను తెలుగులో ఎలా వర్ణక్రమం చేయాలన్నది ఇంతకంటే సున్నితమైన విషయం. మన నౌకల పేర్లు చాలావరకు సంస్కృత పదాలు. అవి హిందీ ఉచ్చారణతో, ఆంగ్ల లిపిలో వెలువడి తెలుగు పత్రికను చేరతాయి. ఈ ప్రయాణంలో పరిచితమైన పదాలు సైతం అపరిచితులవుతాయి. డేగ తెలుగు పల్లెలో కోడిపిల్లల తల్లికి కూడా తెలిసిన పక్షి. ఆంగ్లంలోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి అది 'డేగా' అయింది. 2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో సేవలో ప్రవేశించిన యుద్ధనౌకకు ఆంధ్రప్రదేశ్‌లోని ఉదయగిరి కొండల పేరు పెట్టారు. దానిని తెలుగులో 'ఉదయ్‌గిరి' అని రాయడం, మన ఊరి మనిషిని పొరుగూరి యాసలో పిలిచినట్లుంటుంది. తెలుగు నేలకు, తెలుగు నిఘంటువుకు చెందిన పేర్లను తెలుగు రూపంలోనే రాయాలి. 'విక్రాంత్', 'విరాట్', 'అరిహంత్' వంటి వాటిని మాత్రం 'విక్రాంతము', 'విరాట్టు' అని మార్చే ఉత్సాహం చూపరాదు. అవి ఇప్పుడు సామాన్య పదాలు కావు, సంజ్ఞలు. నావికులు పిలుచుకొనే రూపమే వాటి రూపం. కొన్ని పేర్లకు అర్థవివరణ కూడా కావాలి. 'కల్వరి' అనగానే తెలుగు పాఠకునికి క్రీస్తును శిలువ వేసిన కొండ తోస్తుంది. జలాంతర్గామికి పెట్టిన ఆ పేరు లోతైన సముద్రంలో తిరిగే సొరచేపది. ఒక్క వాక్యంలో ఈ మాట చెప్పని గ్రంథం పాఠకుణ్ణి దారి తప్పించినట్లే.

ఓడను స్త్రీగా చెప్పే ఆంగ్ల సంప్రదాయం అందరికీ తెలిసినదే. లండన్ నుండి వెలువడే నౌకావాణిజ్య పత్రిక 'లాయిడ్స్ లిస్ట్' 2002లో ఆ సర్వనామాన్ని విడిచిపెట్టినప్పుడు అక్కడ పెద్ద చర్చే జరిగింది. తెలుగులో ఈ తగవు పుట్టనే పుట్టదు. మన వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీకి, వస్తువుకు క్రియ ఒక్కటే. తల్లి వచ్చింది, ఓడ వచ్చింది. అయితే అనువాదకులు కొందరు ఆంగ్ల సర్వనామానికి కట్టుబడి ఓడను 'ఆమె' అంటారు. అది కథలో చెల్లవచ్చునేమో గానీ, విజ్ఞాన గ్రంథంలో చెల్లదు. 'అది' అన్నంత మాత్రాన ఓడకు గౌరవం తగ్గదు.

శ్రేణి పేర్ల విషయంలో చిక్కు వేరు. ఒకే నమూనాపై కట్టిన నౌకలను మొదటి నౌక పేరుతో ఒక శ్రేణిగా వ్యవహరిస్తారు. దీనికి 'తరగతి' అన్న మాటను కొందరు వాడతారు. బడి వాసన వేసే ఆ మాటకంటే 'శ్రేణి' నయం. విశాఖ తీరంలోని 'కురుసుర' జలాంతర్గామిని తీసుకొంటే, తయారుచేసిన సోవియట్ వారికి అది ప్రాజెక్టు 641. పాశ్చాత్య కూటమి దేశాలు గుర్తు కోసం పెట్టుకొన్న పేరు ఫాక్స్‌ట్రాట్. మనకు కల్వరి శ్రేణి. ఫ్రెడ్ టి. జేన్ 1898లో ప్రారంభించిన యుద్ధనౌకల వార్షిక గ్రంథం మొదలు ఆంగ్ల ఆకర గ్రంథాలను ఆధారం చేసుకొనే మన రచయితలు ఫాక్స్‌ట్రాట్ అన్న పేరునే ఎత్తి రాస్తుంటారు. భారత నౌకకు భారత నౌకాదళం వాడే శ్రేణి పేరు ప్రధానం కావాలి. తక్కిన రెండూ మొదటి ప్రస్తావనలో ఒక్కసారి చాలు. 1967లో సేవలో చేరిన కల్వరి, 2017లో చేరిన కల్వరి రెండు వేర్వేరు శ్రేణులకు మొదటి నౌకలు కనుక, ఇక్కడా సంవత్సరమే శరణ్యం.

తేదీల గందరగోళం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జలప్రవేశం, సేవాప్రవేశం ఒకటి కావు. 'విశాఖపట్నం' అనే విధ్వంసక నౌక 2015 ఏప్రిల్ 20న ముంబయిలో జలప్రవేశం చేసి, 2021 నవంబరు 21న సేవలో ప్రవేశించింది. నడుమ ఆరున్నరేళ్లు. ఆ కాలంలో దానికి ఐ.ఎన్.ఎస్. అన్న అక్షరాలు వర్తించవు. 'జాతికి అంకితం' అన్న పత్రికా పదబంధం ఈ రెండింటిలో ఏది జరిగిందో చెప్పదు కాబట్టి ఆకర గ్రంథంలో దానికి తావివ్వరాదు.

అకారాది క్రమంలో నౌకను ఎక్కడ చేర్చాలన్నది సంపాదకుని సమస్య. కొమర్రాజు లక్ష్మణరావు చేపట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మూడు సంపుటాలు వెలువడినా 'అ' అన్న అక్షరమే పూర్తి కాలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. అంతటి విస్తృతితో నేడొక సర్వస్వం తలపెట్టి, నౌకలన్నిటినీ ఐ.ఎన్.ఎస్. కింద చేర్చితే 'ఐ' అక్షరానికే ప్రత్యేకంగా ఓడరేవు కట్టవలసి ఉంటుంది. విక్రాంత్‌ను 'వ'లోను, గోదావరిని 'గ'లోను వెతుక్కొనేటట్లు ఉంచడమే పాఠకునికి సుఖం.

ఈ నియమాలు నిపుణులకే గానీ సామాన్యులకెందుకన్న ఆక్షేపణ ఒకటి వినవస్తుంది. దానికి 'ఖుక్రి' పేరే సమాధానం. 1971 డిసెంబరు 9న డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి 'హంగోర్' దాడిలో ఖుక్రి మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడువక దానితోపాటే జలసమాధి అయ్యారు. అదే పేరుతో 1989లో సేవలో చేరిన మరొక నౌకను భారతదేశం 2023లో వియత్నాంకు బహూకరించింది. సంవత్సరం లేని రెండు వాక్యాలను పక్కపక్కన చదివిన విద్యార్థికి, మునిగిన ఓడను బహూకరించడమేమిటన్న అనుమానం వస్తుంది. ఆపైన రెండింటిలో ఒకటి అబద్ధమని తోస్తుంది. ఆ 194 మంది మరణమే అబద్ధమనిపించే అవకాశాన్ని ఒక అంకె నివారిస్తుంది. నిపుణునికి ఆ అంకె లేకపోయినా తెలుసు. అది అవసరమైనది సామాన్యునికే.

సేవ ముగిసిన నౌకల విషయం ఒకటి మిగిలింది. కురుసుర 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 2002 నుండి విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా ఉంది. విరమించిన నౌకకు పొడి అక్షరాలు చెల్లవన్నది నౌకాదళ మర్యాద. చూడవచ్చే జనం మాత్రం దానిని ఐ.ఎన్.ఎస్. కురుసుర అనే పిలుస్తారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి ఊరు మాస్టారనే పిలిచినట్లు. ఆ పిలుపును తప్పుపట్టనక్కరలేదు. గ్రంథంలో మాత్రం 2001 వరకు జరిగిన సంగతులకు ఐ.ఎన్.ఎస్. కురుసుర అని, ఆ తరువాతి వాటికి కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల అని రాయాలి. శీర్షిక 'కురుసుర' అని 'క' అక్షరం కింద ఉంటే సరిపోతుంది.